నలభై మూడు రంగులు

బల్ల ఒక్కటే. కుడివైపు సగం అత్తగారి కుట్టుమిషనుది, ఎడమవైపు సగం కోడలి కంప్యూటరుది. మధ్యలో సరిహద్దులా దారాల పెట్టె. పెళ్లై ఆరువారాలైనా ఈ పంపకం మీద ఒక్క మాటా రాలేదు. మిషను తిరిగినప్పుడు బల్ల సన్నగా వణుకుతుంది, తెర మీది అక్షరాలూ దాంతోపాటు వణుకుతాయి. కోడలికి అదీ ముచ్చటగానే ఉండేది. ఆ ఇంట్లో ఆమెకి ముచ్చటగా లేనిదేమిటో ఇంకా తేలలేదు. గ్లాసులో పక్కపక్కన రెండు బ్రష్షులు. తలుపు వెనక మేకుకి అతని చొక్కా, దాని మీద తన స్వెట్టరు. కళ్ళద్దాల షాపులో పనిచేసే మొగుడు రోజూ పొద్దున్నే ఆమె అద్దాలు తీసుకుని, షాపుకొచ్చినవాళ్ళకి చేసినట్టే మెత్తని గుడ్డతో తుడిచి, వెలుగుకి ఎత్తి చూసి, మళ్ళీ ఆమె ముక్కు మీద పెట్టడం.

సోమవారం పొద్దున ఆ తుడిచే పని సగంలో ఉండగా ఫోను మోగింది. అద్దాలు లేకపోతే ఆమెకి గోడ గడియారం కూడా తెల్ల మచ్చే. అతనే చదివాడు.

"మీ పెద్దక్క ఏదో పెట్టింది. 'నా చిన్న ప్రయత్నం' అని పేరు."

పెద్దక్క అంటే ఆమె బంధువు కాదు. ఇళ్ళల్లోంచే వేరే దేశాల బళ్ళకి సాయం చేసే పంతొమ్మిదిమంది బృందానికి పెద్ద. మొదటిరోజే, నన్ను మేడమ్ అనకండి, మనమంతా ఒక కుటుంబం, పెద్దక్కా అనండి అని చెప్పింది. అందరూ అలాగే అన్నారు. కోడలు పెళ్లికి ముందు నుంచీ ఆ బృందంలో ఉంది. ఎప్పుడూ చూడని ఒక దేశంలో, ఎప్పుడూ చూడని ఒక బడి. అక్కడ క్లాసులయ్యాక పిల్లలకి నాటకం, చదరంగం, ఈత, మట్టిబొమ్మలు, ఇలా ఆరేడు సంఘాలు నడుస్తాయి. ఎవరిని దేంట్లో చేర్చాలన్నదే తగువు. పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్లో జాబితా తెరిచేవారు, ఆరు నిమిషాల్లో నిండిపోయేది. ఆ వేళకి పనిలో ఉండే అమ్మానాన్నల పిల్లలు ప్రతిసారీ బయటే.

దాన్ని కోడలు మార్చింది. పిల్లలే కాగితం చీటీ మీద మూడు కోరికలు, కింద ఒక్క ముక్క కారణం రాయాలి. పోయినసారి దొరకనివాళ్ళకి ఈసారి ముందు. చీటీలన్నీ ఆ బడి ఆఫీసులో గుమస్తా ఫొటోలు తీసి పంపేది. ఆవిడ ఎప్పుడు మాట్లాడినా వెనక బడిగంట మోగుతుంది కాబట్టి ఈ ఇంట్లో ఆవిడ పేరు గంటావిడ. రెండువందల పద్దెనిమిది చీటీలు. అన్నీ కోడలే చదివింది. చదువుతుంటే తెలిసింది, చాలామంది పిల్లలు ఒంటరిగా ఇంటికి వెళ్ళరని. అక్కా తమ్ముడూ, అన్నా చెల్లీ, ఒకే వీధి పిల్లలు, జతలుగా వెళ్తారు. జతలో ఒకరికి సోమవారం, ఒకరికి బుధవారం పడితే ఇద్దరూ మానేస్తారు. అందుకని జతకో రంగు వేసింది. నలభై మూడు జతలు, నలభై మూడు రంగులు. ఇరవై దాటాక తెర మీద ఏ రంగు ఏదో తెలియకపోతే అత్తగారే దారాల పెట్టె తెరిచి, చిలకపచ్చకీ ఆకుపచ్చకీ మధ్య ఇంకా నాలుగు ఉన్నాయే పిల్లా అంటూ ఉండలు ఒక్కొక్కటీ తెర పక్కన పెట్టి చూపించింది. వంకాయ రంగు, ఇటుక రంగు, తడి ఇసుక రంగు, ఎండిన గడ్డి రంగు. కంప్యూటరు ముందుగా పేర్లు సర్దుతుంది. తర్వాత ఒకే రంగువాళ్ళని ఒకే రోజుకి జరిపేది కోడలి చెయ్యి. ఈసారి ఆ జరపడం ఇంకా మొదలుకాలేదు.

ఇప్పుడు అద్దాలు పెట్టుకుని చూస్తే, జాబితా తనదే. గళ్ళు తనవే, అడుగున వేసిన చిన్న లెక్క కూడా తనదే. పైన పెద్దక్క పేరు, ఫొటో. అడుగున, కంటికి ఆనని అక్షరాల్లో, 'సహకారం: మన కుటుంబం'. రంగులు మాత్రం లేవు. ఒక్కటీ లేదు. కాగితం ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది.

శుక్రవారం పొద్దున తెర మీద జరిగే సమావేశంలో ఇంకో ఏడు బళ్ళ పెద్దలు కూడా చూస్తారని, ఆ బళ్ళకీ ఇదే పద్ధతి పెడుతున్నామని, అందరూ కెమెరాలు ఆపుకుని వచ్చి చప్పట్లు కొట్టాలని కింద రాసి ఉంది. కొత్త జాబితా అదే గంటలో ఆ బడి గోడకి అంటిస్తారు. అంటించాక మూడు నెలల దాకా మార్పుల్లేవు.

ఆమె ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ బోర్లా పెట్టింది.

"నువ్వు చూశావా ఇది," అంది మొగుడితో.

మిషను ఆగింది. అత్తగారి ముందు మొగుణ్ణి మీరు అనాలని ఎవరూ చెప్పలేదు. ఆమే పెట్టుకున్న నియమం, ఆరువారాలు తప్పలేదు. అత్తగారు దారం కొరికి, ఇవాళ వ్యవహారం పెద్దదే అయ్యుంటుంది, మా వాడు నువ్వైపోయాడు అంది.

పదిన్నరకి ఆమె పెద్దక్కకి ఫోను చేసింది. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుంది. అందులో ఒక్కటీ అడగలేదు. పెద్దక్కే మాట్లాడింది. కొత్త కాపురం ఎలా ఉందని, వంట వస్తోందా అని, నీ గొంతులో సంతోషం తెలుస్తోందని. చివరికి జాబితా మాట ఎత్తితే పెద్దక్క నవ్వింది.

"కుటుంబంలో ఎవరే పని చేశారో పేర్లు రాసుకుంటామా చెల్లీ? అయినా ఆ రంగులేమిటమ్మా, చంటిపిల్లలు గోడ మీద గీసినట్టు. పెద్దవాళ్ళు చూసేది కదా. నేనే కూర్చుని అన్నీ తీసేసి శుభ్రం చేశాను."

శుభ్రం. ఫోను పెట్టేశాక కోడలు ఆ మాట రెండుసార్లు పైకి అని చూసుకుంది. తర్వాత నెమ్మదిగా ఆమె మొహంలోకి ఒక వెలుగొచ్చింది. అత్తగారు అద్దాల పైనుంచి చూసింది. రంగులు తీసేసిందంటే, అవి ఎందుకున్నాయో పెద్దక్కకి తెలీదు. కంప్యూటరు సర్దింది సర్దినట్టే శుక్రవారం చూపిస్తుంది. నలభై మూడు జతల్లో సగానికి పైగా విడిపోయి ఉంటాయి. ఏడు బళ్ళ పెద్దల ముందు, ఆ గోడ ముందు, పిల్లలు వచ్చి పేర్లు చూసుకున్న మొదటి ఐదు నిమిషాల్లో గొడవ మొదలవుతుంది. గంటావిడ అడుగుతుంది. ఆ ఫొటో మొహం జవాబు చెప్పలేక అటూ ఇటూ చూస్తుంది.

తను ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యకుండా ఉంటే చాలు.

మంగళ, బుధవారాలు ఆమె పండక్కి ఎదురు చూసే పిల్లలా గడిపింది. గిన్నెలు తోముతూ పెద్దక్క గొంతు అనుకరించేది. పెద్దక్క మొహం ఎర్రబడుతుందా తెల్లబోతుందా అని మొగుడితో పందెం వేసింది. ఓడినవాళ్ళు వారం రోజులు కాఫీ పెట్టాలి. అతను తెల్లబోవడం మీద పందెం కాశాడు. షాపులో తప్పు పవరు అద్దం బిగించిన కుర్రాణ్ణి యజమాని అందరి ముందూ నిలదీసినప్పుడు వాడు తెల్లబోయాడట. ముందు ఎర్రబడి తర్వాత తెల్లబోతే పందెం ఎవరిదన్న దాని మీద భోజనం చల్లారేదాకా వాదించుకున్నారు. మెట్ల మీద అతను చెప్పులు వేసుకుంటుంటే ఆమె పైనుంచి, శుక్రవారం షాపుకి ఆలస్యంగా వెళ్ళాలి, ఇలాంటిది మళ్ళీ మళ్ళీ దొరకదు అంది. అతను సరేనని రెండు మెట్లు దిగి, వెనక్కెక్కి వచ్చి, ఆమె అద్దాల మీద ఏదో మరక ఉందని తుడిచి వెళ్ళాడు. మరకేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

అందరికంటే అత్తగారే ఎక్కువ సంబరపడింది. పగ విషయంలో ఆవిడకి అనుభవం ఉంది. బుధవారం చొక్కాకి కాజాలు కుడుతూ తన కథ చెప్పింది. ఒకప్పుడు ఆవిడ పెద్ద బట్టల షాపుకి ఇంట్లో కూర్చుని కుట్టేది. కత్తిరింపంతా ఈవిడది, పేరంతా షాపావిడది. ఒక పెళ్లికూతురు గౌను పదకొండు రోజులు కుడితే, వచ్చినవాళ్ళతో షాపావిడ అది తన చేతి పనేనని చెప్పుకుంది, ఈవిడ అక్కడే గుండీల డబ్బా పట్టుకుని నిలబడి ఉండగానే. ఇంటికి తెచ్చుకుని చివరి కుట్లు వేసేటప్పుడు ఈవిడ చంక దగ్గర రెండువైపులా ఒక వేలెడు లోపలికి పట్టేసింది. నిలబడితే ఏమీ తెలీదు. పెళ్లిలో అందరూ ఫొటోకి చెయ్యి ఊపమంటే పెళ్లికూతురు చెయ్యెత్తలేకపోయింది. మోచెయ్యి దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఆ షాపు గడప తొక్కినవాళ్ళు లేరు.

"మోచెయ్యి దగ్గర," అని అత్తగారు చేసి చూపించింది. మరబొమ్మలా చెయ్యి సగం లేపి, సూది పట్టుకునే నవ్వింది. కోడలు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ సాయంత్రం మొగుడికి మూడుసార్లు చేసి చూపించింది.

గురువారం పొద్దున ఆమె కంప్యూటరు తెరిచింది పని కోసం కాదు, ఆనందం కోసం. పెద్దక్క పెట్టిన తెల్ల జాబితా ఒకపక్క, తన రంగుల జాబితా ఒకపక్క పెట్టుకుని, ఏయే జతలు విడిపోయాయో లెక్కపెడుతోంది. పెదవులు కదుపుతూ, వేలు తెర మీద పెట్టి. ఒకటి. రెండు. వంకాయ రంగు విడిపోయింది, బాగుంది. ఇటుక రంగు విడిపోయింది, ఇంకా బాగుంది. ఇరవై ఆరు దాకా వచ్చింది. ఇరవై ఏడోది తడి ఇసుక రంగు.

ఆ రంగు ఆమెకి గుర్తుంది. అత్తగారి దగ్గర ఆ ఉండ ఒక్కటే ఉంటే, దాన్ని మూడు రోజులు తెర పక్కనే ఉంచుకుంది. ఆ చీటీ వెతికి తీసింది. పెన్సిలుతో రాసింది, చెరిపిన చోట కాగితం చిరిగింది. మూడు కోరికల గళ్ళలోనూ మూడుసార్లు నాటకం అనే ఉంది. కింద కారణం. ఒక్క ముక్క రాయమంటే ఆ పిల్ల నాలుగు రాసింది.

'ఇది మూడోసారి అడగడం. నాకు డైలాగు లేకపోయినా పర్వాలేదు. తమ్ముడు ఏ రోజు ఉంటే ఆ రోజే నేను ఉండగలను. వాడికి రోడ్డు దాటడం రాదు.'

తెల్ల జాబితాలో ఆ పిల్లకి బుధవారం నాటకం. తమ్ముడికి సోమవారం చదరంగం.

ఆమె ఆ రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టుకుంది. పక్కన మిషను తిరుగుతోంది, పేర్లు వణుకుతున్నాయి. రేపు ఆ పిల్ల గోడ దగ్గరికి వస్తుంది. తన పేరు నాటకంలో ఉంటుంది. ముందు నవ్వుతుంది. తర్వాత తమ్ముడి పేరు వెతుక్కుంటుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, లెక్క దానికి తెలుసు.

అలాంటి జతలు వెనక ఇరవై ఆరు ఉన్నాయి. ఇంకా పదహారు రంగులు చూడలేదు.

"అత్తయ్యా," అంది. మిషను ఆగింది. "ఆ పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల?"

"గౌను పిల్ల. చెయ్యెత్తలేకపోయిన పిల్ల."

అత్తగారు ఒక నిమిషం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. నుదురు ముడిపడింది, సూది గాలిలో ఆగింది. షాపావిడ చీర అంచు ఏమిటో గుర్తుంది, ఆవిడ చెవి దుద్దులు గుర్తున్నాయి, ఏ మెట్టు మీద నిలబడి అబద్ధమాడిందో అదీ గుర్తుంది.

"ఆ పిల్ల మొహం నాకు గుర్తు లేదే," అంది చివరికి. అది తనకే వింతగా ఉన్నట్టు అంది. తర్వాత మిషను తొక్కలేదు. దారాల పెట్టెని దగ్గరికి జరుపుకుంది.

కోడలికి ఏడుపొచ్చింది, ఆ పిల్ల మీద జాలితో కాదు, కోపంతో. ఇంత చక్కని పగ. వేలు కూడా కదపక్కర్లేని పగ. మూడు రోజులు దాచుకుని దాచుకుని చప్పరించిన దాన్ని తన చేత్తోనే పారబోసుకోవాలి. పెద్దక్క రేపు నవ్వుతుంది, చప్పట్లు పడతాయి. పళ్ళు కొరుకుతూనే ఆమె తన రంగుల జాబితాలో పేర్లు జరపడం మొదలుపెట్టింది. ఒకర్ని జరిపితే ఆ రోజు గది నిండిపోతుంది, ఇంకొకర్ని కదపాలి, వాళ్ళకి రెండో కోరిక ఏమిటో చీటీ తీసి చూడాలి. ఈతలో ఒక ఖాళీ కోసం ఆరు పేర్లు కదిపింది. పూర్తయిన జత దారం ఉండని అత్తగారు పెట్టెలోంచి తీసి మిషను అవతల పెట్టేది. అన్నం వేళ దాటింది. అత్తగారే గిన్నెలో కలుపుకొచ్చి చేతికిచ్చింది. నాలుగింటికి పెట్టె ఖాళీ అయింది, నలభై మూడు ఉండలూ అవతలి ఒడ్డున ఉన్నాయి.

చీటీల ఫొటోలు వచ్చిన చిరునామాకే, గంటావిడకి, జాబితా పంపింది. తన గోడు ఏమీ రాయలేదు. ఇది తుది జాబితా, ఒకే రంగువాళ్ళు కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళు, గోడకి ఇదే అంటించండి అని మాత్రం రాసింది.

అరగంటకి జవాబొచ్చింది. ఒక్కటే వాక్యం. రంగులు ఎవరు వేశారు?

 నేను, అని కొట్టింది ఆమె. ఆ తర్వాత అట్నుంచి ఏమీ రాలేదు.

సాయంత్రం మొగుడు వచ్చి, పందెం సంగతేమిటి మరి అన్నాడు. ఎవరూ గెలవలేదంది. అతను చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ కాఫీ పెట్టుకొచ్చాడు.

శుక్రవారం పొద్దున ఆమె చప్పట్లు కొట్టడానికి కూర్చుంది. తెర నిండా గళ్ళు. పైవరసలో ఏడు బళ్ళ పెద్దలు, వాళ్ళతోపాటు గంటావిడ బడి పెద్ద, కోటులు, దగ్గులు. మధ్యలో పెద్దక్క, వెనక పుస్తకాల బీరువా, పక్కన పూలకుండీ. కింది వరసల్లో కెమెరాలు ఆపిన పంతొమ్మిది నల్ల గళ్ళు, కుటుంబం. ఒక మూల గళ్ళో గంటావిడ, ఆవిడ వెనక పొడుగాటి వరండా. కోడలి గళ్ళో కనపడకుండా అటుపక్క మొగుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఇటుపక్క అత్తగారు చొక్కాకి గుండీలు కుడుతోంది. కుడుతోందన్న మాటేగానీ అరగంటలో ఒక్క గుండీ పడలేదు.

పెద్దక్క జాబితా తెర మీద పెట్టింది. కోడలు ముందుకి వంగింది. రంగులున్నాయి. నలభై మూడూ ఉన్నాయి. గంటావిడ ఇదే తుది జాబితా అని పెద్దక్కకీ పంపినట్టుంది. నిన్నటిదానికీ ఇవాళ్టిదానికీ వందకి పైగా పేర్లు మారాయి, చంటిపిల్లల గీతలన్న రంగులు తిరిగొచ్చి కూర్చున్నాయి. పెద్దక్క దేన్నీ గుర్తుపట్టలేదు. బడివాళ్ళు అందంగా రంగులు కూడా వేశారు చూడండి, అంది.

మొగుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గంటావిడ బడి పెద్ద అడిగింది, అక్కాతమ్ముళ్ళు ఒకే రోజు ఎలా పడ్డారు అని. ఇంత నిక్కచ్చిగా మాకు ఎప్పుడూ కుదరలేదంది. పెద్దక్క ఒక్క క్షణం జాబితా వంక చూసి, చెయ్యి గుండెల మీద వేసుకుంది. మూడు నెలలు నేనే కూర్చున్నానండీ అంది. ప్రతి చీటీ నా కళ్ళతో చదివాను. పేరు పేరూ నా చేత్తో సర్దాను. వేరేవాళ్ళకి అప్పగించే పని కాదిది. గొంతు కొంచెం వణికింది కూడా. ఏడు గళ్ళలోంచీ చప్పట్లు. కోటు తొడుక్కున్న ఒకాయన లేచి నిలబడి కొట్టాడు.

 మూడు రోజుల ఆనందం కోడలి లోపల గడ్డకట్టి రాయిలా ఉంది. గుండీ ఒకటి అత్తగారి ఒళ్ళోంచి జారి నేల మీద దొర్లింది, ఎవరూ తియ్యలేదు.

అప్పుడు కోటాయన, మా ఏడు బళ్ళకీ వచ్చే నెలకల్లా ఇలాగే కావాలి, ఎవరు చేస్తారు అని అడిగాడు. పెద్దక్క నవ్వుతూ కింది వరసలోని నల్ల గళ్ళ వైపు చూసింది. వాటిల్లో సరిగ్గా ఏ గడిని చూస్తోందో కోడలికి తెలుసు. మా బృందంలో చెల్లెళ్ళున్నారండీ అని మొదలుపెట్టింది.

ఆ నవ్వు చూశాక కోడలి లోపల రాయి కదిలింది. మెల్లిగా, ఒకవైపు నుంచి. ఆమె కెమెరా తెరిచింది, చెయ్యెత్తింది. మొగుడు గబుక్కున వంగి ఆమె అద్దాలు లాక్కుని, తుడిచి, మళ్ళీ పెట్టాడు. తెరలో అతని చెయ్యి ఒక్కటే కనిపించి మాయమైంది.

ఆమె చాలా వినయంగా మాట్లాడింది. ఆరువారాల కొత్తకోడలు మాట్లాడినట్టే మాట్లాడింది. పెద్దక్క చెప్పింది అక్షరాలా నిజమని, ఇది వేరేవాళ్ళకి అప్పగించే పని కాదని అంది. ఒక్కో బడికి రెండువందల చీటీలు, ఏడు బళ్ళంటే పద్నాలుగువందల పైచిలుకు. చదివినవాళ్ళకే ఏ పిల్ల ఎవరితో ఇంటికి వెళ్తుందో తెలుస్తుంది. మధ్యలో చెయ్యి మారితే జతలు విడిపోతాయి. ఇంత చెప్పి, ఫోనులో పెద్దక్కతో ఎన్నడూ అనని మాట అందరి ముందూ అంది.

"మాలో ఇంకెవరికీ ఇది రాదండీ. మీరే చెయ్యాలి అక్కా. మేమంతా చూసి నేర్చుకుంటాం."

పెద్దక్క నోరు తెరిచింది. ఆ లోపే మూల గళ్ళోంచి బడిగంట వినిపించింది, దాని వెనక గంటావిడ గొంతు. ఆవిడ ఎప్పట్లాగే పొడిగా, తన బడి నుంచి మిగతా బళ్ళకి ఒక్క సలహా అంది. చదివిన మనిషి ప్రతి చీటీ మూలా తన పొడి అక్షరాలు వెయ్యాలి, తన చేతి రాతతో, చీటీ చీటీకీ. ఏ చీటీ ఏ మనిషి చదివిందో బడి ఆఫీసుకి తెలియాలి. మూడు నెలలుగా చదివినావిడకి అదేం కష్టం కాదు కదా, అంది. ఈ మాట చెప్తూ ఆవిడ పెద్దక్క వైపు చూడలేదు. కోడలి గడి ఎక్కడుంటుందో అటు చూసింది.

కోటాయన ఇది చాలా మంచి నియమమని రాసుకున్నాడు. మిగతా ఆరుగురూ రాసుకున్నారు. ఏడు తలలూ ఒకేసారి కిందికి వంగాయి.

పెద్దక్క మొహం ముందు ఎర్రబడింది. తర్వాత తెల్లబోయింది. తప్పకుండా అంది. తప్పకుండా, నేనే, అంది. పూలకుండీని ఊరికే కొంచెం ఇటు జరిపింది, మళ్ళీ అటు జరిపింది.

"ముందు ఎరుపు," అని మొగుడు గోడ దగ్గర్నుంచి గుసగుసలాడాడు. "వారం కాఫీ నాది."

ముగించే ముందు గంటావిడ తన కెమెరాని వరండా వైపు తిప్పింది. గోడకి జాబితా అంటించి ఉంది, రంగు కాగితం. పిల్లలు మూగారు. వీపులే కనిపిస్తున్నాయి, సంచులు, జడలు, ఒకడి భుజం మీద ఇంకొకడి గడ్డం. మధ్యలో ఒక ఆడపిల్ల ఒక చేత్తో చిన్నవాణ్ణి పట్టుకుని, రెండో చెయ్యి బాగా పైకెత్తి, జాబితాలో పైవరస మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉంచి, కిందికి వంగి చిన్నవాడితో ఏదో చెప్పింది. వాడు పట్టించుకోలేదు, సంచి జిప్పుతో కుస్తీ పడుతున్నాడు. ఆ పిల్లేనో, ఇంకో పిల్లో. ఇంత దూరం నుంచి రంగు తెలియదు.

అత్తగారు తెర దగ్గరికి వంగి, తన అద్దాలు సర్దుకుని, ఆ ఎత్తిన చేతిని కెమెరా ఆగిపోయేదాకా చూసింది. తర్వాత నేల మీద గుండీ వెతుక్కుంది.

శనివారం పొద్దున కోడలు మిషను అవతల ఉన్న దారాల ఉండల్ని ఒక్కొక్కటీ పెట్టెలో సర్దుతోంది. పాలు పొయ్యి మీద ఉన్నాయి, కాఫీ వంతు అతనిది, అతనికి పాలపొంగు ఎప్పుడొస్తుందో ఇంకా తెలీదు. ఫోను మోగింది. ఏడు బళ్ళ నుంచీ చీటీల ఫొటోలు వచ్చేశాయట. పద్నాలుగువందల అరవై మూడు. అద్దాలు తుడుస్తూ అతనే చదివి వినిపించాడు.

"'చెల్లీ, ఇవి ఎక్కడ మొదలుపెట్టాలి?' అంటోంది."

జవాబివ్వకు, మూడు రోజులు ఊరుకో, నేనైతే వారం ఊరుకునేదాన్ని అంది అత్తగారు. కోడలు అద్దాలు పెట్టించుకుని, ఫోను తీసుకుని, తడి ఇసుక రంగు ఉండని అరచేతిలో పట్టుకునే ఒక వేలితో కొట్టింది. వంటింట్లో పాలు పొంగిన చప్పుడూ, మొగుడి పరుగూ వినిపిస్తుండగా, పంపే ముందు ఒకసారి చదువుకుని, మర్యాద తగ్గకుండా చివర అక్కా అని చేర్చింది.

'మొదటి చీటీతో, అక్కా.'